బీచ్ రోడ్డులో ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్: సైన్స్‌కి నాలుగున్నర, పర్సుకి ఒకటిన్నర

బిర్యానీకి రివ్యూ రాస్తారు, మిక్సీకి రాస్తారు, చెప్పుల స్టాండ్‌కి కూడా స్టార్లు ఇస్తారు గానీ ఏడు వేల పైన కట్టించుకునే కాన్ఫరెన్స్‌కి మాత్రం ఎవరూ రివ్యూ రాయరు. పీహెచ్‌డీ గైడ్ చూస్తారేమో, రేపు వైవాకి ఎగ్జామినర్‌గా ఆ ఆర్గనైజరే వస్తారేమో అని భయం. నాకూ ఉంది అండీ ఆ భయం, అందుకే పేరు రాయట్లేదు. మన వైజాగ్‌లోనే, రుషికొండ వైపు, సముద్రం కనపడే ఒక స్టార్ హోటల్లో, తీరప్రాంతాల మీద మూడు రోజులు జరిగిన ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్. అంతవరకు చాలు, వచ్చినవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

సైన్స్ సంగతి ముందే చెప్పేస్తా ఎందుకంటే అది నిజంగా బాగుంది. ఆర్కే బీచ్‌లో ఇసుక కోసుకుపోవడం, పోర్టు వాళ్ళు డ్రెడ్జింగ్ చేసి, అంటే సముద్రం అడుగున తవ్వి తీసిన ఇసుక తెచ్చి ఒడ్డున పోయడం, హుద్‌హుద్ తుఫాను తర్వాత తీరం ఎలా మారింది, ఇలా మనం రోజూ చూసేవాటి మీదే మంచి మంచి టాక్స్ పడ్డాయి. నా రీసెర్చ్ అంతా ఒక్క షీట్ మీద వేసి పెట్టిన పోస్టర్ దగ్గర ఒక పెద్ద సైంటిస్ట్ దాదాపు అరగంట నిలబడ్డారు, శాంపిల్స్ వానలకి ముందు తీసినవా తర్వాత తీసినవా అని అడిగి, రెండూ విడదీసి గీస్తే ఏమొస్తుందో నా నోట్‌ప్యాడ్ మీదే గీసి చూపించారు. మెయిల్ పెడితే ఆయన జన్మలో రిప్లై ఇవ్వరు, పాపం టైం ఉండదు. అక్కడ నిలబడ్డాను కాబట్టి దొరికారు. కాబట్టి కాన్ఫరెన్స్‌లు దండగ, అంతా జూమ్‌లో పెట్టుకోవచ్చు కదా అనే బ్యాచ్ కాదు నేను. ఆ అరగంట ఎవరికి దొరుకుతోంది, ఎంతకి దొరుకుతోంది, అదే నా గొడవ.

ఇక డబ్బు.

స్టూడెంట్ అండ్ రీసెర్చ్ స్కాలర్ ఎర్లీ బర్డ్, అంటే ముందుగా కట్టేవాళ్ళ రేటు, 6,000. దాని మీద జీఎస్టీ 18 శాతం, మొత్తం 7,080. ఎర్లీ బర్డ్ దాటితే 7,500 ప్లస్ జీఎస్టీ, అంటే 8,850. ఫ్యాకల్టీకి 9,000, కంపెనీల వాళ్ళకి ఇంకా ఎక్కువ. బ్రోషర్ మీద పెద్దక్షరాలతో స్టూడెంట్లకి ప్రత్యేక రాయితీ అని ఉంటుంది, జీఎస్టీ మాత్రం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

అయితే అసలు కిటుకు రేటులో లేదు, తేదీల్లో ఉంది. ఎర్లీ బర్డ్ మూసేసిన వారానికి గానీ మనం పంపిన అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) తీసుకున్నారో లేదో చెప్పలేదు. కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వరు. అంటే సెలెక్ట్ అవుతానో లేదో తెలియకుండా ఏడు వేలు పెట్టి జూదం ఆడాలి, లేదంటే సెలెక్ట్ అయ్యాక పద్దెనిమిది వందలు ఎక్కువ కట్టాలి. ప్రాజెక్ట్ డబ్బున్న ప్రొఫెసర్ గారికి ఇదేం లెక్క కాదు, ఆయన ముందే కట్టేస్తారు, పేపర్ రాకపోయినా వచ్చి లంచ్ చేసి వెళ్తారు. జేబు చూసుకుని ఆగేది స్టూడెంటే, ఎక్కువ రేటు కట్టేదీ స్టూడెంటే. మా ల్యాబ్‌లో నలుగురం అబ్‌స్ట్రాక్ట్ పంపితే ఎర్లీ బర్డ్‌లో కట్టింది మా సారు ఒక్కరే.

మీకు ఫెలోషిప్ వస్తుంది కదా అంటారు బయటివాళ్ళు. అవును, నెలకి జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి 37,000, సీనియర్‌ది (ఎస్‌ఆర్‌ఎఫ్) అయితే 42,000, అంతకుముందు 31 వేలు 35 వేలు ఉండేది. వినడానికి బానే ఉంటుంది. కానీ అది నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ కొట్టినవాళ్ళకి, వాళ్ళకి కూడా నెల నెలా టంచనుగా పడదు, కొన్నిసార్లు నాలుగు నెలలది ఒకేసారి పడుతుంది, ఈలోపు మెస్ బిల్లు మాత్రం ఆగదు. నెట్ లేకుండా చేరినవాళ్ళకి సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకి 8,000 ఇస్తారు. అందులోంచి ఈ ఎర్లీ బర్డ్ తీసేస్తే ఆ నెలకి మిగిలేది 920 రూపాయలు. స్టేట్ యూనివర్సిటీల్లో అయితే చాలామందికి అదీ లేదు, ట్యూషన్లు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్ళు నాకు తెలిసే బోలెడుమంది. జేఆర్‌ఎఫ్ వాళ్ళకి కంటింజెన్సీ అని సైన్స్‌లో మొదటి రెండేళ్ళూ ఏడాదికి 12,000 ఉంటుంది, అందులోనే పుస్తకాలు, కెమికల్స్, ప్రింటౌట్లు, ఫీల్డుకి వెళ్ళే ఆటో, అన్నీ. ఒక్క కాన్ఫరెన్స్‌కి వెళ్తే సగం పైనే ఎగిరిపోయింది, అది కూడా సొంత ఊళ్ళో జరిగిన కాన్ఫరెన్స్‌కి, రూమ్ ఖర్చు లేకుండా, రైలు ఖర్చు లేకుండా.

మరి నేను కట్టిన 8,850కి ఏం ఇచ్చారు అంటే, చెప్తా. ల్యాప్‌టాప్ బ్యాగ్ ఒకటి, దాని మీద స్పాన్సర్ల పేర్లు, వేసుకుని బస్టాప్‌లో నిలబడితే మనం ఆ కంపెనీ సేల్స్ వాళ్ళం అనుకుంటారు. స్టీలు బాటిల్, పెన్ను, నోట్‌ప్యాడ్. బ్యాగ్ జిప్ రెండో రోజుకే ఊడింది. ఇవన్నీ వద్దు బాబూ, నాకు ఒక వెయ్యి తగ్గించండి అంటే ఆ ఆప్షన్ లేదు.

భోజనం గురించి మాత్రం అబద్ధం చెప్పలేను, అదిరిపోయింది. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, వెజ్ వాళ్ళకి ముద్దపప్పు ఆవకాయ, బెండకాయ జీడిపప్పు వేపుడు, పక్కన అప్పటికప్పుడు వేసిచ్చే పెసరట్టు. మూడు రోజుల్లో ఒక్కరోజు కూడా కూర రిపీట్ కాలేదు. హాస్టల్ మెస్‌లో సాంబారు చూసి చూసి ఉన్న ప్రాణానికి అదొక పండగే. ఆర్గనైజింగ్ కమిటీలో ఉన్న ఒక సార్‌ని మాటల్లో అడిగితే ప్లేటు 1,400 పడింది అమ్మా అన్నారు. అప్పుడు అర్థమైంది నా ఫీజు ఎక్కడికి పోయిందో. మూడు లంచ్‌లకే 4,200. జీఎస్టీ పోగా నేను కట్టిన ఏడున్నర వేలల్లో సైన్స్ వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆ సార్ మీద కోపం లేదు, ఆయనా ఇరుక్కున్నారు, హోటల్ వాడు హాల్ ఇవ్వాలంటే భోజనం వాళ్ళ దగ్గరే తీసుకోవాలంట, బయట క్యాటరింగ్ ఒప్పుకోరంట, పైగా ఒక స్పాన్సర్ చివర్లో చెయ్యిచ్చాడంట.

గాలా డిన్నర్ కూడా ఫీజులోనే కలిపేశారు. రెండో రోజు రాత్రి లాన్‌లో, లైట్లు, డీజే, కూచిపూడి ఒక పావుగంట. మొదలైందే ఎనిమిదిన్నరకి. మా లేడీస్ హాస్టల్ గేటు అంత రాత్రి దాకా తెరిచి ఉండదు, పర్మిషన్ లెటర్ పెడితే వార్డెన్ మేడం చూసే చూపు వేరే. రుషికొండ నుంచి రాత్రి పూట ఆటో వాడు అడిగే రేటు ఇంకో గాలా. మేము ఐదుగురు అమ్మాయిలం స్టార్టర్లు తిని బయల్దేరిపోయాం, స్టేజీ మీద యంగ్ రీసెర్చర్ అవార్డులు ఇచ్చేది మాత్రం డిన్నర్ మధ్యలోనే పెట్టారు. మాలో ఒకమ్మాయికి వచ్చింది అవార్డు, తర్వాతి రోజు రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర కవర్లో పెట్టి చేతికిచ్చారు.

అసలు అంత దూరంలో, అంత ఖరీదైన చోట ఎందుకు పెట్టాలి అన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇదే ఊళ్ళో ఆంధ్రా యూనివర్సిటీలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 1976లో ఒకసారి, 2008 జనవరిలో 95వది ఇంకోసారి జరిగింది, దేశం మొత్తం నుంచి వచ్చారు. క్యాంపస్‌లో సీఆర్ రెడ్డి కాన్వొకేషన్ హాల్ ఉంది, డిపార్ట్‌మెంట్లలో సెమినార్ హాళ్ళు ఉన్నాయి, ప్రొజెక్టర్ ఒక్కోసారి మొరాయిస్తుంది, ఒప్పుకుంటా, కానీ రైల్వే స్టేషన్ దగ్గర, బస్ కాంప్లెక్స్ దగ్గర, మద్దిలపాలెం నుంచి నడిచి రావచ్చు. సంక్రాంతి సెలవుల్లోనో ఎండాకాలంలోనో పెడితే హాస్టల్ రూములు ఖాళీగా ఉంటాయి, రాత్రికి రెండు మూడొందలు తీసుకుని పరుపు, దుప్పటి, బకెట్ ఇస్తే స్టూడెంట్లు సంతోషంగా ఉంటారు. ఏసీ అడిగేది మేము కాదు అండీ. ఇక్కడ రికమెండెడ్ అకామడేషన్ అని లింక్ పెట్టిన రూమ్ రాత్రికి 6,500. షేరింగ్‌కి ఎవరైనా దొరుకుతారా అని మెయిల్ పెడితే మీరే మాట్లాడుకోండి అన్నారు, ఎవరెవరు వస్తున్నారో మాకెలా తెలుస్తుంది మరి.

హోటల్లో పెట్టడానికి, ఇంటర్నేషనల్ అని బోర్డు కట్టడానికి వెనక ఒక లెక్కుంది, అది తెలియకపోతే ఇదంతా ఎవరో డాబు కోసం చేస్తున్నారు అనుకుంటాం. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో లెక్చరర్లకి పాయింట్లు వేసే టేబుల్ ఉంటుంది, కాన్ఫరెన్స్‌లో పేపర్ చదివితే నేషనల్‌కి 3, దేశంలోనే జరిగిన ఇంటర్నేషనల్‌కి 5, ఫారిన్‌లో అయితే 7. ఇక ఎవరైనా నేషనల్ అని ఎందుకు పెడతారు చెప్పండి? ఇద్దరు ఫారిన్ స్పీకర్లని పిలిస్తే, అందులో ఒకాయన ఆన్‌లైన్‌లోనే కనపడినా సరే, ఇంటర్నేషనల్ అయిపోతుంది, ఆ రెండు పాయింట్ల కోసం ఖర్చు రెండింతలు. స్టూడెంట్ వైపు కూడా అంతే, 2016 యూజీసీ రూల్స్‌లో థీసిస్ ఇచ్చే ముందు రెండు కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లు తప్పనిసరి అని పెట్టారు. 2022 నవంబర్లో వచ్చిన కొత్త రూల్స్‌లో అది తీసేశారు, కానీ డిపార్ట్‌మెంట్లలో సర్టిఫికెట్ లేదా అమ్మా అనే మాట మాత్రం పోలేదు. ఎవరికో ఒకరికి సర్టిఫికెట్ కావాలి కాబట్టి రేటు ఎంత పెట్టినా కడతారు అని ఆర్గనైజర్లకీ తెలుసు. ఇక అబ్‌స్ట్రాక్ట్ పంపకుండానే మీ పేపర్ సెలెక్ట్ అయింది, రేపటిలోగా కట్టండి అని మెయిల్స్ పెట్టే దొంగ కాన్ఫరెన్స్‌లు పుట్టింది కూడా ఈ గిరాకీ చూసే.

ఇప్పుడు మా ఫ్రెండ్ సంగతి. అనంతపురం నుంచి వచ్చింది, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్, పోస్టర్ ట్యూబ్ బెర్త్ మీద పక్కన పెట్టుకుని, ఎవరైనా దాని మీద కూర్చుంటారేమో అని రాత్రంతా సరిగ్గా పడుకోలేదంట. స్టేషన్ బయట ఆటో ఆయన ఆ ట్యూబ్ చూసి "ఏటమ్మా అది, గేలమా?" అన్నాడు. దానికి తెలుగే కానీ ఆ తెలుగు అర్థం కాలేదు, చేపలు పట్టేది అనుకుంటున్నాడే అంటే అప్పుడు నవ్వింది. నా హాస్టల్ రూమ్‌లోనే గెస్ట్‌గా ఉంచాను.

ఈ కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో ట్రావెల్ సపోర్ట్ ఫర్ యంగ్ రీసెర్చర్స్ అని ఒక పేజీ ఉంది, 5,000 వరకు ఇస్తాం అని. మా ఫ్రెండ్‌కి అది వచ్చింది, సెలెక్టెడ్ అని మెయిల్ కూడా పెట్టారు, మేమందరం పార్టీ అడిగాం. కానీ అది రీయింబర్స్‌మెంట్. అంటే ముందు నువ్వు పెట్టుకో, తర్వాత బిల్లులు పెట్టు, మేము చూసి ఇస్తాం. ఒరిజినల్ టికెట్లు, సెషన్ చైర్ సంతకంతో అటెండెన్స్, గైడ్ లెటర్, వేరే ఎక్కడా క్లెయిమ్ చేయలేదు అని స్టాంప్ పేపర్ మీద డిక్లరేషన్, క్యాన్సిల్డ్ చెక్. ఆ పిల్లకి అసలు చెక్‌బుక్ లేదు, దానికోసం బ్యాంకుకి మళ్ళీ ఒక అప్లికేషన్. సంక్రాంతి దాటాక జరిగిన కాన్ఫరెన్స్ డబ్బు ఉగాది పచ్చడి తిన్నాక కూడా రాలేదు. అడిగితే ఆడిటింగ్‌లో ఉంది అంటారు.

రిజిస్ట్రేషన్‌కీ రైలుకీ దాని దగ్గర డబ్బు ఎక్కడిది మరి? వాళ్ళమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పులోంచి. నెలనెలా కిస్తీ అమ్మే కడుతోంది. అంటే స్టార్ హోటల్లో జరిగిన ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కి యంగ్ రీసెర్చర్ సపోర్ట్ ఎవరిచ్చారయ్యా అంటే అనంతపురం జిల్లాలో ఒక డ్వాక్రా గ్రూపు ఇచ్చింది. స్పాన్సర్ల బోర్డు మీద వాళ్ళ పేరు వేసుంటే బాగుండేది.

నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. ఫీజు ఆరు వేలా ఐదు వేలా అని అందరూ కొట్టుకుంటారు గానీ, డబ్బు ముందు ఎవరి జేబులోంచి బయటికి వెళ్తోంది అన్నది ఎవరూ అడగరు. డబ్బున్నవాడికి రీయింబర్స్‌మెంట్ అంటే కాస్త ఆలస్యం, అంతే. లేనివాడికి అసలు రావడమే కుదరదు, అప్లై కూడా చేయడు, ఇక లిస్టులో వాడి పేరు ఉండదు కాబట్టి ఇబ్బంది పడ్డవాళ్ళు ఎవరూ లేరు అని కమిటీ అనుకుంటుంది. ప్రభుత్వ స్కీములదీ ఇదే వరస, ఫారిన్ కాన్ఫరెన్స్‌లకి సెర్బ్ (రీసెర్చ్‌కి డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ట్రావెల్ గ్రాంట్ అని ఉండేది, ఇప్పుడు సెర్బ్ మొత్తం ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసిపోయింది, మంచి స్కీమే, కానీ అక్కడా తిరిగొచ్చాక బిల్లులు పెట్టే పద్ధతే. విమానం టికెట్ లక్ష దాకా అవుతుంది, యూరప్ వెళ్ళడానికి షెంగెన్ వీసా ఫీజే 2024 జూన్ నుంచి 90 యూరోలు, అమెరికా అయితే ఇంటర్వ్యూకి ఇక్కణ్ణుంచి హైదరాబాద్ పోవాలి, ఇదంతా ముందు పెట్టుకోగలిగిన వాళ్ళకే గ్రాంట్.

వేరేలా చేయొచ్చా అంటే చేసినవాళ్ళున్నారు. మ్యాథ్స్ వాళ్ళకి నాలుగేళ్ళకోసారి పెద్ద కాంగ్రెస్ ఉంటుంది, 2010లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2014లో సియోల్‌లో జరిగినప్పుడు అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి వెయ్యి మంది మ్యాథమెటీషియన్లని రప్పించడానికి కొరియా వాళ్ళు ప్రత్యేకంగా ఒక స్కీమే పెట్టారు. 2022లో రష్యాలో జరగాల్సింది యుద్ధం వల్ల ఆన్‌లైన్‌కి మారిస్తే చూసేవాళ్ళకి ఫ్రీ చేశారు. మా కాన్ఫరెన్స్‌లో కూడా ఆన్‌లైన్ ఆప్షన్ ఉంది, 4,000 ప్లస్ జీఎస్టీ, మన వీడియో ముందే రికార్డ్ చేసి పంపాలి, వాళ్ళు ప్లే చేస్తారు, ప్రశ్నలు ఎవరూ అడగరు. లంచ్ లేదు, బ్యాగ్ లేదు, ఆ నాలుగు వేలు దేనికో దేవుడికే తెలియాలి.

పీహెచ్‌డీ అయిపోయినవాళ్ళ పరిస్థితి ఇంకా దారుణం. మా ల్యాబ్ సీనియర్ అక్క డాక్టరేట్ వచ్చాక ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేస్తోంది. స్టూడెంట్ ఐడీ లేదు కాబట్టి ఫ్యాకల్టీ కేటగిరీలోకి వస్తుంది, 10,620. గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకి 1,500, నెలకి 50 వేలు మించకుండా ఇవ్వొచ్చు అని యూజీసీ 2019లోనే చెప్పింది, కాగితం మీద. ఆవిడకి చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు, పైగా సెలవు పెడితే ఆ క్లాసుల డబ్బు పోతుంది, ఎండాకాలం అసలేమీ రాదు. మూడు రోజులు కాన్ఫరెన్స్‌కి వస్తే ఫీజు ఒక దెబ్బ, జీతం ఇంకో దెబ్బ. పోస్టర్‌లో సగం డేటా ఆవిడదే, శాంపిల్స్ కోసం భీమిలి ఒడ్డున నడుములోతు నీళ్ళలో దిగింది ఆవిడే, వచ్చింది మాత్రం నేను. ఆ పెద్ద సైంటిస్ట్ అడిగిన ప్రశ్నకి ఆవిడైతే ఇంకా బాగా చెప్పేది. రిజిస్ట్రేషన్ ఫారంలో పీహెచ్‌డీ అయ్యి ఐదేళ్ళు దాటనివాళ్ళు, రెగ్యులర్ ఉద్యోగం లేనివాళ్ళు అని ఒక కేటగిరీ పెట్టడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు, ఆ పది వేలు ఎలాగూ ఆవిడ కట్టలేదు కదా, ఆరు వేలైనా వచ్చేవి.

మంచివి కూడా చెప్పాలి. వాలంటీర్లుగా చేసిన పీజీ పిల్లలకి ఫీజు మాఫీ చేశారు, భోజనం పెట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు. అయితే సెషన్లు నడిచేటప్పుడు వాళ్ళలో సగం మంది గుమ్మం బయట వీఐపీల కోసం బొకేలు పట్టుకుని నిలబడ్డారు. షిఫ్టులు వేసి, ఒక పూట పని, ఒక పూట హాల్లో కూర్చోవడం అని పెడితే ఎక్కువ మంది వస్తారు. టాయిలెట్లు శుభ్రం, వైఫై స్పీడు, స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే టెక్నికల్ అబ్బాయి విసుక్కోకుండా లోడ్ చేశాడు.

ఈ మొత్తంలో నాకు పూర్తి మార్కులు వేయాలనిపించింది కాన్ఫరెన్స్‌కి కాదు, డాబాగార్డెన్స్ వైపు ఒక చిన్న ప్రింటింగ్ షాపుకి. పోస్టర్ సైజు ఏ జీరో, అంటే సరిగ్గా ఒక చదరపు మీటరు, మన అడుగుల్లో పదకొండుకి కొంచెం తక్కువ. కాన్ఫరెన్స్ వాళ్ళు చెప్పిన వెండర్ గ్లాసీ పేపర్‌కి 1,800 అన్నాడు. ఈ షాపులో క్లాత్ మీద చదరపు అడుగుకి 40, మొత్తం 440 అయింది. క్లాత్ అయితే మడిచి బ్యాగులో పడేయొచ్చు, ట్యూబ్ మోసే పని లేదు, ముడతలు పడితే వెనకనుంచి ఇస్త్రీ చేసుకోవచ్చు. ఆ షాపాయన ఫైల్ ఓపెన్ చేయగానే, "అక్షరాలు బాగా చిన్నవైపోయాయి తల్లీ, నాలుగడుగుల దూరం నుంచి ఎవుడూ చదవడు, ఈ పేరాగ్రాఫు తీసేసి బొమ్మ పెద్దది చెయ్యి" అన్నాడు. మా గైడ్ కూడా ఆ మాట చెప్పలేదు. అక్కడే స్టూల్ మీద కూర్చుని మెథడ్స్ సగానికి కోసేశా, ఆయన టీ తెప్పించాడు. తర్వాతి రోజు అదే డిజైన్ మార్చి ప్రింట్ ఇచ్చాడు, మార్పులకి ఎక్స్‌ట్రా తీసుకోలేదు. పోస్టర్ హాల్లో జనం దూరం నుంచే చూసి నా బోర్డు దగ్గరికి వచ్చారంటే ఆ క్రెడిట్ ఆయనదే. ఐదుకి ఐదు.

ఫీల్డ్ ట్రిప్ గురించి చెప్పడం మర్చిపోయేదాన్ని. చివరి రోజు ఎర్రమట్టి దిబ్బలకి ఏసీ బస్సులో, దానికి విడిగా 1,500. మా అనంతపురం పిల్లని, ఇంకో ఇద్దర్ని తీసుకుని నేను 900కె సిటీ బస్సు ఎక్కించేశా, అదే భీమిలి రోడ్డు, పైగా కిటికీ సీటు. దిగి కొంచెం నడవాలి, అంతే. ఆ పిల్ల సాయిల్స్ మీద పనిచేస్తుంది కాబట్టి వెళ్ళగానే వంగి ఆ ఎర్ర ఇసుక వేళ్ళ మధ్య నలిపి చూసి, మా ఊరి ఎర్ర నేల వేరు, ఇది లోపల ఇసుకే, గింజ చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పూత పట్టింది చూడు అని మొదలుపెట్టింది, అక్కడే వాననీళ్ళకి కోసుకుపోయిన లోతైన చాళ్ళ అంచున నిలబడి సముద్రం ఎప్పుడు ఎంత వెనక్కి పోయింది, గాలికి ఈ ఇసుక ఎలా పోగుపడింది అని మా నలుగురికీ పెద్ద డిస్కషన్. తర్వాత ఏసీ బస్సు వచ్చింది, వాళ్ళు దిగి గ్రూప్ ఫొటో తీసుకుని పావుగంటలో ఎక్కేశారు. మేము మాత్రం భీమిలి దాకా పోయి టిఫిన్ చేసి వచ్చాం, ఒక్కొక్కరికి వంద కూడా అవ్వలేదు.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో నేను ఒకటే రాశాను, ట్రావెల్ సపోర్ట్ ముందే ఇవ్వండి అని. ఆ కమిటీ సార్ దాన్ని చదివినట్టున్నారు, నన్ను పిలిచి "ముందే ఇచ్చేస్తే డబ్బు తీసుకుని రాకపోతే ఎలాగమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చేతికి ఇవ్వొద్దు సార్, టికెట్ మీరే బుక్ చేయండి, ఫీజు మాఫీ చేయండి, హాస్టల్లో మంచం ఇప్పించండి, రాకపోతే మీకు పోయేది ఒక స్లీపర్ టికెట్, క్యాన్సిల్ చేస్తే అందులో కూడా కొంత వెనక్కొస్తుంది అన్నాను. ఆలోచిద్దాం అన్నారు. ముఖం చూస్తే నిజంగానే ఆలోచించేలా ఉన్నారు, చూద్దాం.

వచ్చేసారి వెళ్ళాలనుకునే జూనియర్స్‌కి: సైన్స్ కోసం అయితే కళ్ళు మూసుకుని వెళ్ళండి. కట్టే ముందు అబ్‌స్ట్రాక్ట్ రిజల్ట్ తేదీ ఎర్లీ బర్డ్‌కి ముందో వెనకో చూసుకోండి, వెనకైతే మెయిల్ పెట్టి స్టూడెంట్లకి డేట్ పొడిగించమని అడగండి, మేము ముగ్గురం కలిసి అడిగితే కుదరదన్నారు, ముప్పై మంది అడిగితే ఏమంటారో. ఫీజు మాఫీ ఉందా అని కూడా అడగండి, బ్రోషర్‌లో లేకపోయినా కొన్నిచోట్ల ఇస్తారు, అడిగినవాళ్ళకే ఇస్తారు. రైలుకి 35 ఏళ్ళ లోపు రీసెర్చ్ స్కాలర్లకి రీసెర్చ్ పని మీద వెళ్తే స్లీపర్‌లో సగం రాయితీ ఉంది, చాలామందికి తెలియదు, మా ఫ్రెండ్‌కి కూడా తెలియక ఫుల్ టికెట్ కొనుక్కుంది. అది యాప్‌లో రాదు, ఫారం నింపించుకుని కౌంటర్‌కే వెళ్ళాలి. ఫారం మీద సంతకాలు, సీళ్ళు అయ్యేసరికి టైం పడుతుంది, రిజర్వేషన్ ఓపెన్ అవ్వకముందే మొదలుపెట్టండి, మా ఆఫీసులో సీలు ఉండే బీరువా తాళం ఒక్క క్లర్క్ గారి దగ్గరే ఉంటుంది, ఆయన లంచ్‌కి వెళ్తే నాలుగింటి దాకా రారు.